అందరినీ అడిగానని చెప్పాను

కొన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. "అందరినీ అడిగాను." అంతే, రెండు మాటలు. మా ఆవిడకి తెలియదు. మా కేసు నడిపిన లాయరమ్మకి తెలియదు. ఎవరికి తెలియాలో ఆమెకి అసలే తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో నసిగితే ఏమీ అనుకోకండి. నాకు నేనే ఇంకా సర్దిచెప్పుకుంటున్న చోట్లు కొన్ని ఉన్నాయి, అక్కడికి వచ్చేసరికి నోరు పెగలదు.

ముందే ఒక సంగతి. డబ్బు కోసం చెయ్యలేదు. ఎవరి మీదా పగతో చెయ్యలేదు. భయపడీ కాదు. తెలుసుకోవాలన్న దురదతో చేశాను. అలా అంటే తప్పు తగ్గుతుందా, పెరుగుతుందా? ఎన్నిసార్లు అడిగినా నాకు జవాబు దొరకలేదు.

నేను అమెరికాలో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. ఆఫీసు లాస్ కొలీనాస్‌లో. సాఫ్ట్‌వేరే, ఇంకేముంటుంది. వచ్చి పడే పనులన్నిటినీ కంప్యూటరు ఏ వరుసలో చెయ్యాలో చెప్పే ప్రోగ్రాములు రాస్తాను. ఏది ముందు, ఏది వెనక, ఎందుకు వెనక, రోజంతా ఇదే గొడవ. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి. కొంప ముంచింది ఈ బుద్ధే.

ఆ ఏడాది మావాళ్ళలో చాలామంది భార్యలకి వర్క్ పర్మిట్లు ఆగిపోయాయి. భర్త వీసా మీద వచ్చిన భార్య ఇక్కడ ఉద్యోగం చెయ్యాలంటే ప్రభుత్వం ఇచ్చే కార్డు ఒకటి ఉండాలి. దాని గడువు దాటిందంటే కొత్తది వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాల్సిందే. మా ఆవిడదీ అలాగే ఆగింది. విడ్డూరం ఏమిటంటే, తనకన్నా ఆలస్యంగా అప్లై చేసినవాళ్ళకి వచ్చేసింది. ఎప్పుడో ముందు చేసినవాళ్ళకి రాలేదు. ఆ కార్డులిచ్చే ప్రభుత్వ ఏజెన్సీకి ఫోన్ చేస్తే, "మీ అప్లికేషన్ వరుసలో ఉంది" అన్నారు. ఏ వరుస? ఎవరు నిలబెట్టారు? ఎలా కదులుతుంది? మా ఆవిడ ఉద్యోగం గురించి బెంగపడుతుంటే నేను ఈ వరుస గురించి ఆలోచిస్తూ కూర్చునేవాణ్ణి. ఒకసారి తనే విసుక్కుంది, "నా కార్డు ఎప్పుడొస్తుందో చూడవయ్యా మగడా అంటే, ఎలా వస్తుందో చూస్తావేంటి" అని. నవ్వేశాను.

ఈ దేశంలో ప్రభుత్వ ఏజెన్సీ మీద కోర్టుకి వెళ్ళొచ్చని అప్పుడే తెలిసింది. వెళ్ళి, "వీళ్ళు మా పని అన్యాయంగా నానబెడుతున్నారు" అని అడగొచ్చట. నాకు భలే అనిపించింది. ఆఫీసు నుంచి రాగానే పాత కేసులు తీసి చదవడం మొదలుపెట్టాను. ఎవరైనా చదవొచ్చు, దాపరికం లేదు. నేను ఊహించుకున్న కోర్టు కాదది. బోను లేదు, సాక్షులు లేరు, బల్లలు గుద్దడాలు లేవు. మనం ఫిర్యాదు వేస్తాం. జవాబు చెప్పడానికి ప్రభుత్వ లాయరుకి రెండు నెలలిస్తారు. ఆయన జవాబు చెప్పడు, కేసే కొట్టెయ్యమంటాడు. దానికి మనం బదులు రాస్తాం. మన బదులుకి ఆయన బదులు రాస్తాడు. అంతా కాగితాల మీదే. చివరికి జడ్జి గెలిపించినా కార్డు ఇమ్మని అనరు. ఇవ్వాలో వద్దో ఫలానా గడువులోగా తేల్చమని మాత్రమే అంటారు. అలా అనాలంటే ముందు ఈ ఆలస్యం సబబైనదా కాదా అన్నది చూడాలి. అది చూడాలంటే తమ వరుస ఎలా కదులుతుందో ఏజెన్సీ చెప్పి తీరాలి. ఈ చివరి ముక్క చదివినప్పుడు నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. నేను ఫోన్లో అడిగి అడిగి విసిగిపోయిన ప్రశ్నకి జవాబు చెప్పించగల మనిషి ఒకరున్నారన్నమాట!

పదీ పన్నెండు కుటుంబాలం కలిశాం. లాయరు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. మాకంటే చిన్నదే అయినా అందరం లాయరమ్మ అనేవాళ్ళం. మనవాళ్ళకి ఒక అలవాటు ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. కాస్త చదివి చెప్పగలిగేవాడు ఒకడు దొరికాడంటే మొత్తం వాడి నెత్తిన పెట్టేసి నిశ్చింతగా ఉంటారు. "అన్నా, మీరే చూసుకోండి." "బ్రో, నువ్వెట్లంటే అట్ల." కార్డు భార్యది, ఉద్యోగం భార్యది, కోర్టు కాగితం మీద పేరు భార్యది. ఫోన్లో పెట్టుకున్న గ్రూపులో మాత్రం దాదాపు అందరూ భర్తలే. లాయరమ్మకి ఇదంతా వింతగా ఉండేది. అయినా అందరూ ఒప్పుకున్నాక, కబుర్లన్నీ నా ద్వారానే పంపేది. నాకు గర్వంగా ఉండేది. ఉండేది కాదు అంటే అది ఇంకో అబద్ధం అవుతుంది.

గ్రూపులో తనంతట తాను చేరిన ఆడమనిషి ఒక్కతే, సుహాసిని. మా పక్క ఊరు కాపెల్‌లో ఉంటుంది. మాటలు సరిగ్గా రాని చిన్నపిల్లలకి స్కూల్లో మాటలు నేర్పే పని చేసేది. ఆ పని గురించి చెప్పేటప్పుడు ఆమె మొహం చూడాలి మీరు. ఒక పాప ఏడాదంతా నోరు విప్పకుండా కూర్చుని, ఒకరోజు ఉన్నట్టుండి "మోర్" అందట. బిస్కెట్ కోసం. ఆ ముక్క మాకు ఎన్నిసార్లు చెప్పిందో, చెప్పిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేది. కార్డు గడువు తీరి బడి మానెయ్యాల్సి వచ్చింది. వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచేదాకా ఆమె చోటు అట్టిపెడతామన్నారు ప్రిన్సిపాలు. అంతకుమించి ఆగలేమన్నారు. అందుకని గ్రూపులో ఆమె అడిగేది ఒకటే. "స్కూల్ ఓపెన్ అయ్యేలోపు తేలుతుందా అన్నా?" నేను ఎప్పుడూ ఒకటే రాసేవాణ్ణి. "తేలుతుందమ్మా, నేను చూస్తున్నా కదా."

లాయరమ్మ మొదటే హెచ్చరించింది. కేసు పడగానే ఏజెన్సీ కొందరి కార్డులు పంపేస్తుంది, పని అయిపోయినవాళ్ళు కేసులోంచి తప్పుకోవాలి, అందరి పనీ అయిపోతే జడ్జి తేల్చడానికి ఏమీ మిగలదు, కేసు అక్కడితో సరి, అని. అలాగే జరిగింది. ముందుగా వచ్చినవాటిలో మా ఆవిడ కార్డూ ఉంది. తను ఉద్యోగానికి వెళ్ళిపోయింది. నాకు ఇక ఆ కేసుతో పని లేదు. అక్కడ ఆగిపోవాల్సింది. ఆగలేదు. "పాపం, మిగిలినవాళ్ళని మధ్యలో వదిలేస్తామా" అన్నాను అందరితో. అదీ నిజమే. కానీ నాకు జవాబు కావాలి. ఈ రెండింట్లో ఏది ఎంత పాలు అంటే చెప్పలేను.

చివరికి ముగ్గురు మిగిలారు. వాళ్ళలో ఒకరు సుహాసిని. కాగితాలన్నీ అయ్యాక జడ్జి లాయర్లని ఎదురుగా పిలిచి అడిగే హియరింగ్‌కి రోజు కుదిరింది, బడి తెరవడానికి కాస్త ముందు. అప్పుడు లాయరమ్మ నుంచి ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి ఆఫీసు పార్కింగ్ గరాజ్‌లో కార్ దగ్గర ఉన్నాను. ఆ కాల్‌లో ప్రతి మాటా నాకు గుర్తుంది.

"గవర్నమెంట్ లాయర్ కాల్ చేశాడు. సెటిల్ చేస్తారట. మనం కేస్ విత్‌డ్రా చేస్తే, మూడు వారాల్లో ముగ్గురివీ డిసైడ్ చేస్తారు. అప్రూవ్ అవుతాయి, ఆల్మోస్ట్ ష్యూర్."

"మరి ఆ వరుస సంగతి?"

"ఏ వరుస?"

"అదేనండీ, వాళ్ళు ఏ ఆర్డర్‌లో చూస్తున్నారో చెప్పాలి కదా."

"ఓ, అది. అది ఉండదు. కేస్ ఉండదు కదా, జడ్జ్ ఏమీ చెప్పరు."

"హియరింగ్‌కి వెళ్తే గెలుస్తామా?"

"నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. నేనైతే తీసుకోమంటా. కానీ డెసిషన్ వాళ్ళది. నాది కాదు, మీది కూడా కాదు. నేను ఒక్కొక్కరికి కాల్ చేస్తా."

"మీకెందుకండీ శ్రమ. నేను కనుక్కుంటాను."

"రేపు ఈవెనింగ్ లోపల చెప్పాలి. అందరినీ అడగండి, ఓకే? ఈచ్ వన్."

మూడు వారాలంటే బడి తెరిచే లోపే. లెక్క నాకు అక్కడే తెలిసిపోయింది. తెలియలేదని చెప్పుకోవడానికి కూడా లేదు. కార్‌లో కూర్చుని ఫోన్లో గ్రూపు తెరిచాను. "ఒక ఆఫర్ వచ్చింది" అని టైపు చేశాను. చెరిపేశాను. మళ్ళీ టైపు చేశాను. ఇది పంపగానే సుహాసిని ఏమంటుందో ఊహించుకున్నాను. సరేనంటుంది అనుకున్నాను. మిగతా ఇద్దరూ అదే అంటారు. అప్పుడు జడ్జి నోరు విప్పరు. ఇన్ని నెలలు చదివిందంతా, రాయించిందంతా, ఒక్క పేజీ జవాబు లేకుండా ముగిసిపోతుంది. నాలో ఒకడు గడగడా వాదించడం మొదలుపెట్టాడు. ఇది వీళ్ళ ముగ్గురి సంగతేనా? రేపు ఇంకెంతమంది ఇదే వరుసలో ఇరుక్కుంటారు? ఒక్క తీర్పు వస్తే వాళ్ళందరికీ దారి దొరుకుతుంది కదా? హియరింగ్ కూడా బడి తెరవడానికి ముందే కదా, జడ్జి అక్కడికక్కడే తేల్చేస్తే ఆమెకీ నష్టం లేదు కదా? అయినా అడిగితే మాత్రం ఏమంటారు, "మీ ఇష్టం అన్నా" అనే కదా అనేది? ఒక్కో వాదనా ఎంత చక్కగా ఉందో చూడండి. ఇన్ని వాదనలు పుట్టించే ఓపిక ఉన్నవాణ్ణి, ఒక్క ఫోన్ చెయ్యలేకపోయానా? చేస్తే ఆమె సమాధానం నాకు తెలిసిపోతుంది. తెలియకుండా ఉండటమే నాకు కావాల్సింది.

గ్రూపు మూసేశాను. మర్నాడు సాయంత్రం లాయరమ్మే చేసింది.

"అడిగారా?"

"అందరినీ అడిగాను. ముగ్గురూ వద్దన్నారు. హియరింగ్‌కే వెళ్దామన్నారు."

"సుహాసిని కూడా?"

"సుహాసిని కూడా."

"హ్మ్. బ్రేవ్," అంది లాయరమ్మ. ఇంకేమీ అడగలేదు.

హియరింగ్‌కి సెలవు పెట్టి డాలస్ డౌన్‌టౌన్ వెళ్ళాను. సుహాసిని, వాళ్ళాయన వచ్చి నా పక్కనే కూర్చున్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ రోజు నా జీవితంలో బాగా సంతోషపడిన రోజుల్లో ఒకటి. నల్లకోటు వేసుకున్న జడ్జిగారు పెద్దావిడ, గొంతు మెత్తగా ఉంది. ప్రభుత్వ లాయరు లేచి, "వీళ్ళని ముందుకు జరిపితే వరుసలో ఉన్న మిగతావాళ్ళు వెనక్కి పోతారు, అది న్యాయం కాదు" అన్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి అడిగారు. "ఆ వరుస ఎలా కదులుతుందో నాకు చెప్పండి. ముందు వచ్చినది ముందు చూస్తారా?" సాధారణంగా అంతే అన్నాడాయన. "మరి వీళ్ళ తర్వాత వచ్చినవాళ్ళకి ముందు ఎలా వచ్చింది?" ఆయన కాగితాలు తిరగేశాడు. ఏజెన్సీని కనుక్కుని చెప్పాల్సి ఉంటుందన్నాడు. నా ప్రశ్న! అక్షరాలా నా ప్రశ్న, ఒక జడ్జి నోట! ఒళ్ళు పులకరించింది. పక్కకి తిరిగి చూస్తే సుహాసిని నన్నే చూస్తోంది. "ఈ రోజే చెప్పేస్తారా అన్నా?" అని గుసగుసగా అడిగింది.

చెప్పలేదు. ఆలోచించి తీర్పు రాస్తామని జడ్జిగారు లేచి వెళ్ళిపోయారు.

బడి తెరిచారు. తీర్పు రాలేదు. రోజూ పొద్దున్నే కోర్టు వెబ్‌సైట్ తెరిచి చూసేవాణ్ణి. ప్రిన్సిపాలు ఇంకో వారం ఆగారట, తర్వాత ఇంకొకరిని తీసుకున్నారు. ఆ సంగతి సుహాసిని గ్రూపులో పెట్టలేదు. మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పింది. నేను హాల్లో కూర్చుని ఇటువైపు మాటలు మాత్రం విన్నాను. "అయ్యో. అయ్యో. ఏడవకే తల్లీ." మా ఆవిడ ఫోన్ పెట్టేసి నా వైపు చూసి, "మీ కోర్టు వాళ్ళకి కాస్త కూడా జాలి లేదా?" అంది. నేను తల వంచుకుని కంప్యూటరు చూస్తున్నట్టు నటించాను.

ఆ తర్వాత ఏజెన్సీ మిగిలిన మూడు కార్డులూ పంపేసింది. సుహాసినిది అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది. ప్రభుత్వ లాయరు కోర్టుకి ఆ సంగతి తెలిపాడు. జడ్జిగారు అర పేజీ ఉత్తర్వు ఇచ్చారు. అడిగింది దొరికింది కాబట్టి తేల్చడానికి ఏమీ మిగలలేదు, కేసు కొట్టివేస్తున్నాం, అని. వరుస గురించి ఒక్క ముక్క లేదు. అంటే చూడండి. మొదట ఇస్తామన్నదే ఇచ్చారు, ఆలస్యంగా. నాకు కావాల్సింది నాకూ దొరకలేదు. ఆ వరుస ఎలా కదులుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంతటితో అయిపోయినా బాగుండేది. కార్డులు వచ్చినందుకు సుహాసిని వాళ్ళు కాపెల్‌లో మా అందరికీ భోజనాలు పెట్టారు. గుత్తివంకాయ కూర, పులిహోర, పాయసం, అన్నీ తనే చేసింది. భోజనాలయ్యాక నన్నూ మా ఆవిడనీ సోఫాలో పక్కపక్కన కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, బట్టలు పెట్టారు. ఆవిడకి చీర, నాకు చొక్కా గుడ్డ కూడా కాదు, నా సైజు కనుక్కుని కొన్న చొక్కా. భార్యాభర్తలిద్దరూ వంగి మా కాళ్ళకి దండం పెట్టబోతే నేను లేచి నిలబడిపోయాను. "అన్నా, ఉద్యోగం పోతే పోయింది. మీరు మా కోసం అంత కొట్లాడారు, సొంత అన్న కూడా చెయ్యడు" అంది. అప్పుడు చెప్పేస్తే సరిపోయేది. చేతిలో చొక్కా పట్టుకుని, "అంత మాటెందుకమ్మా" అన్నాను.

ఆ చొక్కా ఇప్పటికీ అల్మరాలో ఉంది, మడత విప్పలేదు. మా ఆవిడ పండగలకి తీసి ఇస్తుంది. టైట్ అయిందంటాను.

మరుసటి ఏడాది ఆ బడిలో ఖాళీ లేదు. చుట్టుపక్కల ఇంకో రెండు చోట్ల ప్రయత్నించింది, కుదరలేదు. తర్వాత ఎవరో టెస్టింగ్ కోర్సు చేయించారు. ఇప్పుడు మా ఆఫీసుకి రెండు వీధుల అవతల, అందరిలాగే, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం. బాగానే ఉంది. అందరూ అదే అంటారు, బాగానే ఉంది అని. ఆ పాప గురించి మాత్రం ఆమె ఇప్పుడు ఎత్తదు.

ఈ మధ్య ఒక ఆదివారం ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రోసరీలో కనబడింది. బిల్లింగ్ దగ్గర నా ముందు నిలబడి ఉంది, బుట్టలో గోంగూర కట్టలు. ఆ మాటా ఈ మాటా అయ్యాక నా నోరు ఊరుకోలేదు. ఏమీ ఎరగనట్టు అడిగాను.

"సుహాసినీ, ఊరికే అడుగుతున్నా. అప్పట్లో హియరింగ్‌కి ముందే వాళ్ళు 'కేసు వదిలెయ్యండి, కార్డులు ఇచ్చేస్తాం' అని ఉంటే, ఏమనేదానివి?"

నవ్వింది. "ఇప్పుడెందుకు గుర్తొచ్చిందన్నా అది?" అని, కాసేపు నిజంగానే ఆలోచించింది. "ఏమో. సరే అనేదాన్నేమో. లేకపోతే మీ అందరితో పాటు ఫైట్ చేద్దాం అనేదాన్నేమో. అప్పుడు అడిగి ఉంటే తెలిసేది. ఇప్పుడు ఏం చెప్పినా అది ఉత్తుత్తిదే కదా." గోంగూర కట్టలు బెల్టు మీద పెడుతూ మళ్ళీ అంది. "అయినా అలాంటిదేమైనా వచ్చి ఉంటే మీరు చెప్పకుండా ఉంటారా!"

కార్డు తీసి డబ్బు కట్టి, చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. నా వంతు వచ్చింది. బిల్లింగ్ అమ్మాయి రెండుసార్లు పిలిస్తే గానీ నేను కదల్లేదు.

ఇన్నేళ్ళూ ఆమె ఉద్యోగం పోగొట్టానని అనుకుంటూ వచ్చాను. అదీ నిజమే. కానీ ఆ రోజు ఆమె అన్నదాంతో ఇంకోటి తెలిసింది. ఆమె వద్దనేదేమో! అలా అని ఉంటే ఉద్యోగం పోయినా అది ఆమె కొట్లాట అయ్యేది, ఆమె ఓటమి అయ్యేది. ఆ ఒక్క మాట ఆమె చేత అననివ్వలేదు నేను. ఇప్పుడు నేనే కాదు, ఆమె కూడా దాన్ని తెలుసుకోలేదు. ముక్కూ మొహం తెలియని జడ్జి ఏమంటారో వినాలని నెలల తరబడి తహతహలాడాను. నా ఫోన్లోనే ఉన్న మనిషి ఏమంటుందో వినాలని నాకు ఎందుకు అనిపించలేదు?

ఆమెకి చెబుతానా? తెలియదు. చెబితే నా బరువు ఆమె నెత్తిన పెట్టినట్టవుతుందని ఒక వాదన తయారుగా ఉంది. నా వాదనల సంగతి మీరు చూశారుగా, నమ్మకండి. మీరు క్షమించాల్సిన పనీ లేదు, అది మీ చేతిలోదీ కాదు. మీకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. నేను అడగలేదు. ముగ్గురిలో ఒక్కరినీ అడగలేదు. సుహాసినిని కూడా అడగలేదు.